దుప్పి వేటకు రివాల్వర్ తూటాలు: ముందు బుల్లెట్, ఆ తరువాతే వేగం

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. ఒహాయో ఆగ్నేయ భాగంలోని కొండ అడవులలో, థాంక్స్‌గివింగ్ తరువాతి సోమవారం మొదలయ్యే తుపాకీ సీజనులో, మీరు మొదటిసారిగా రివాల్వర్‌తో వైట్‌టెయిల్ (అమెరికాలోని తెల్లతోక దుప్పి) వేటకు వెళ్లాలనుకుంటున్నారు. మీ దగ్గర ఆరంగుళాల బ్యారెల్ ఉన్న .357 మాగ్నమ్ రూగర్ జీపీ100 రివాల్వర్ ఉంది (.357, .44 వంటి అంకెలు బుల్లెట్ వ్యాసాన్ని సుమారుగా అంగుళాలలో చెబుతాయి). దుప్పిని పడగొట్టాలంటే బుల్లెట్‌కు 1,000 ఫుట్-పౌండ్ల (శక్తికి వాడే కొలత) శక్తి ఉండాలని ఒక మిత్రుడు చెప్పాడు. .44 కూడా చాలదు, .460 కొనమని మరొకరు సలహా ఇచ్చారు. హాలో పాయింటా (ముక్కులో గుంట ఉన్న బుల్లెట్), సాఫ్ట్ పాయింటా (ముక్కు దగ్గర మెత్తని సీసం బయటికి ఉన్నది), పోతపోసిన సీసమా, బరువు ఎన్ని గ్రెయిన్లు అనేది మీకు తేలడం లేదు. వీటికి వరుసగా కాకుండా, నేను ఆలోచించే క్రమంలో సమాధానం రాస్తాను.

ముందుగా మాటల సంగతి చూసుకుందాం. తెలుగులో తూటా, గుండు, బుల్లెట్ అనే మాటలను ఒకదాని బదులు ఒకటి వాడేస్తాం. ఈ విషయంలో ఆ అలవాటు గందరగోళానికి దారి తీస్తుంది. ఈ సమాధానంలో తూటా అంటే ఇత్తడి కేసు, అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల తుపాకీ మందు, మూతి దగ్గర లోహపు ముద్ద, అన్నీ కలిసిన మొత్తం. బుల్లెట్ అంటే ఆ లోహపు ముద్ద మాత్రమే. దుప్పిని తాకేది అదే కాబట్టి ఎంపిక అక్కడి నుంచి మొదలు కావాలి. అలాగే జింక అని రాయడం మనకు అలవాటే కానీ, కొమ్మలుగా చీలి ఏటా రాలిపోయే కొమ్ములున్న జంతువుకు మన ఊళ్లలో దుప్పి అనే పేరు ఉంది, వైట్‌టెయిల్‌కు అదే సరిపోతుంది. ఇదంతా ఒహాయోలో లైసెన్సు తీసుకుని చేసే వేట గురించి మాత్రమే. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దుప్పిని వేటాడటం నేరమని మీకు వేరే చెప్పనక్కరలేదు.

ఇక నా తప్పు దగ్గర నుంచి మొదలుపెడతాను, ఎందుకంటే మీరు ఇప్పుడు నిలబడిన చోటనే నేనూ ఒకప్పుడు నిలబడ్డాను. రివాల్వర్‌తో నా మొదటి సీజనులో నా దగ్గర ఉన్నది కూడా .357. దుకాణంలో రెండు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని వెనకవైపు అచ్చు వేసిన అంకెలు చదివాను. ఒకదానిలో 125 గ్రెయిన్ల హాలో పాయింట్, వేగం సెకనుకు 1,450 అడుగులు, శక్తి 583 ఫుట్-పౌండ్లు. రెండవదానిలో 158 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్, వేగం 1,235 అడుగులు, శక్తి 535 ఫుట్-పౌండ్లు. వేగమూ ఎక్కువ, శక్తీ ఎక్కువ అయినప్పుడు ఇక ఆలోచించేదేముందని మొదటి పెట్టె కొన్నాను. మూడో రోజు సాయంత్రం ముప్పై గజాల దూరంలో ఒక ఆడదుప్పి కొంచెం ఏటవాలుగా నిలబడింది. గురి తప్పలేదు. కానీ బుల్లెట్ ముందుకాలి భుజం ఎముక దగ్గరే పూర్తిగా విచ్చుకుని ముక్కలై, ఒక ఊపిరితిత్తిని మాత్రమే చేరి ఆగిపోయింది. రెండో వైపు రంధ్రం లేదు, నేల మీద నెత్తురు చుక్క లేదు. టార్చిలైట్ పెట్టుకుని, ఎండిన ఓక్ ఆకులను ఒక్కొక్కటిగా తిరగేస్తూ రాత్రి పదకొండు దాకా వెతికి, తెల్లవారిన తరువాత మూడు వందల గజాల అవతల వాగు పక్కన దాన్ని కనుగొన్నాను. ఆ రాత్రంతా అది ఎలా గడిపిందో తలచుకుంటే నాకు ఇప్పటికీ బాగుండదు. తప్పు ఆ తూటాను తయారు చేసినవారిది కాదు. అది మనుషులు ఆత్మరక్షణ కోసం వాడుకునేలా, త్వరగా విచ్చుకుని త్వరగా ఆగిపోయేలా తయారైన బుల్లెట్. దాన్ని తీసుకుని అడవికి వెళ్లినవాడిది తప్పు.

అంకెలు నన్ను ఎందుకు మోసగించాయో చెబితే మీ ప్రశ్నలో సగానికి జవాబు దొరుకుతుంది. ఫుట్-పౌండ్ల లెక్కలో బరువును ఒక్కసారే లెక్కిస్తారు, వేగాన్ని మాత్రం వర్గం చేసి గుణిస్తారు. గ్రెయిన్లలో ఉన్న బరువును వేగం వర్గంతో గుణించి, దాన్ని 450,240తో భాగిస్తే పెట్టె మీది అంకె వస్తుంది. అందువల్ల తేలికైన, వేగమైన బుల్లెట్ కాగితం మీద ఎప్పుడూ గొప్పగానే కనబడుతుంది. సెకనుకు 2,700 అడుగులతో వెళ్లే రైఫిల్ బుల్లెట్ విషయంలో ఈ అంకెకు కొంత అర్థం ఉంది, ఎందుకంటే ఆ వేగంలో బుల్లెట్ చుట్టూ ఉన్న కండ కూడా సాగి చిరిగిపోతుంది. రివాల్వర్ వేగాలలో అలా జరగదు. కండ రబ్బరులాగా పక్కకు సాగి మళ్లీ తన చోటికి వచ్చేస్తుంది. బుల్లెట్ ముక్కు నేరుగా నలిపి చీల్చుకుంటూ వెళ్లిన దారి మాత్రమే మిగులుతుంది. ఆ దారి ఎంత వెడల్పు, ఎంత పొడవు అన్నదే రివాల్వర్ వేటగాడికి అసలు లెక్క. 255 గ్రెయిన్ల చదును ముక్కు సీసపు బుల్లెట్‌ను .45 కోల్ట్ నుంచి సెకనుకు 900 అడుగుల వేగంతో పంపితే శక్తి 460 ఫుట్-పౌండ్లకు మించదు. అయినా పక్కకు తిరిగి నిలబడిన దుప్పి రెండు ఊపిరితిత్తులనూ దాటుకుని అది అవతలికి వెళ్లిపోతుంది. ఆ తూటా 1873 నాటిది. వెయ్యి ఫుట్-పౌండ్ల సూత్రం రైఫిళ్ల వాళ్లది, దాన్ని మన దగ్గరకు తెచ్చి అతికించకండి.

అవతలి వైపు రంధ్రం కావాలని నేను ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. మంచి చోట తగిలినా రివాల్వర్ దెబ్బకు దుప్పి సాధారణంగా అక్కడికక్కడే పడదు. యాభై నుంచి వంద గజాలు పరుగెత్తి పడుతుంది. మీరు చెట్టు మీది స్టాండులో కూర్చుని కిందికి కాలుస్తారు కాబట్టి బుల్లెట్ పైనుంచి లోపలికి దిగుతుంది. అది బయటికి రాకపోతే నెత్తురు రొమ్ము లోపలే నిండుతుంది, పైనున్న చిన్న రంధ్రం నుంచి బయటికి కారదు. అడుగున రెండో రంధ్రం పడితే ఆకుల మీద దారి కనబడుతుంది. నురగతో కూడిన లేత ఎరుపు నెత్తురు కనిపిస్తే ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయని అర్థం, అరగంట ఆగి నెమ్మదిగా నడిస్తే చాలు.

ఇప్పుడు బుల్లెట్ నిర్మాణానికి వద్దాం. విచ్చుకోవడం, లోతుకు దిగడం అనేవి ఒకదానిని తిని మరొకటి పెరిగే గుణాలు. తెరిచిన గొడుగును నీళ్లలోకి తోసినప్పుడు చేతికి ఎంత అడ్డు తగులుతుందో, విచ్చుకున్న బుల్లెట్‌కు కండలో అంత అడ్డు తగులుతుంది. మూసిన గొడుగు సులభంగా దిగుతుంది కానీ సన్నని దారి మాత్రమే చేస్తుంది. వేటకు పనికివచ్చే బుల్లెట్ అంటే కొద్దిగా, నిదానంగా విచ్చుకుంటూ బరువును కోల్పోకుండా ఒక అడుగు మందం ఉన్న రొమ్మును దాటేది. ఇలా చేయడానికి ప్రధానంగా మూడు మార్గాలు ఉన్నాయి.

మొదటిది, రాగి తొడుగు మందంగా ఉండి, విచ్చుకునే తీరును అదుపులో పెట్టిన హాలో పాయింట్ లేదా ముక్కు దగ్గర సీసం బయటికి కనిపించే సాఫ్ట్ పాయింట్. హోర్నడీ వారి ఎక్స్‌టీపీ ఈ కోవలో అందరికీ తెలిసినది. హాలో పాయింట్లన్నీ ఒకటే అనుకోకండి, ఆత్మరక్షణ కోసం చేసినదానికీ దీనికీ పేరులోనే పోలిక. ఒకే కంపెనీ ఒకే వ్యాసంలో రెండు రకాలు చేయడం కూడా ఉంది. ఉదాహరణకు .45 బుల్లెట్లలో మామూలు ఎక్స్‌టీపీ వేరు, .454 కాసుల్ (అదే వ్యాసంలో చాలా వేగమైన తూటా) వేగాలను తట్టుకోవడానికి తొడుగు మందం పెంచిన ఎక్స్‌టీపీ మాగ్ వేరు. రెండవదాన్ని .45 కోల్ట్ నెమ్మది వేగంతో కాలిస్తే అది విచ్చుకుంటుందని ఆశించకూడదు. మొదటిదాన్ని కాసుల్ వేగంతో కాలిస్తే మరీ త్వరగా చితికిపోతుంది. అంటే ప్రతి బుల్లెట్‌కూ అది సరిగా పనిచేసే వేగాల పరిధి ఒకటి ఉంటుంది. తయారీదారులు ఆ పరిధిని తమ పట్టికలలో ఇస్తారు. పెట్టె మీది శక్తి అంకె కంటే అది చదవడం వెయ్యి రెట్లు మేలు.

రెండవది, పోతపోసిన సీసపు బుల్లెట్. దీనికి ముక్కు చదునుగా, వెడల్పుగా ఉండాలి. గుండ్రటి ముక్కు కండను పక్కకు నెట్టుకుంటూ జారిపోతుంది, చదును ముక్కు కోసుకుంటూ వెళుతుంది. ఇది విచ్చుకోవడం మీద ఆధారపడదు కాబట్టి వేగం తక్కువైనా ఎక్కువైనా దీని ప్రవర్తన పెద్దగా మారదు, ఏ కోణంలోనైనా లోతుకు దిగుతుంది. నాకు స్వయంగా ఇదే ఇష్టం, కానీ ఇష్టానికీ సలహాకూ తేడా ఉంది. పోత బుల్లెట్ మీ రివాల్వర్‌కు సరిపోతుందో లేదో ముందు చూడాలి. సిలిండర్ బయటికి తీసి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, ఒక విడి బుల్లెట్‌ను గది (సిలిండర్‌లో తూటా కూర్చునే రంధ్రం) ముందుభాగంలో పెట్టి వేలితో నొక్కండి. కొంచెం బిగువుగా, వేలి బలంతోనే జారి బయటికి వస్తే సరిపోయినట్లు. గడగడ పడిపోతే బుల్లెట్ సన్నం, వేడి వాయువు దాని పక్కల నుంచి దూసుకుపోయి సీసాన్ని కరిగించి బ్యారెల్‌కు పూస్తుంది. అప్పుడు ఇరవై తూటాలకే గురి చెల్లాచెదురవుతుంది. అసలు వేలికి కదలకపోతే గది మూతి ఇరుకు, బుల్లెట్ అక్కడే నలిగి సన్నబడి బ్యారెల్‌లోకి వదులుగా వెళుతుంది. ఆరు గదులనూ ఇలాగే చూడాలి, ఐదు ఒకలా ఒకటి ఒకలా ఉన్న సిలిండర్లను కూడా నేను చూశాను. చాలామంది పోత బుల్లెట్లు పనికిరావని తీర్మానించేది ఈ కొలత చూసుకోకపోవడం వల్లనే.

మూడవది, సీసమే లేని పూర్తి రాగి బుల్లెట్. బార్న్స్ వారి ఎక్స్‌పీబీ ఈ రకం. రాగి సీసం కంటే తేలిక కాబట్టి అదే బరువుకు పొడవు ఎక్కువ అవుతుంది, కేసులో మందుకు చోటు తగ్గుతుంది, కనుక సాధారణంగా తక్కువ బరువులలోనే దొరుకుతుంది. అయితే బరువు కోల్పోదు కాబట్టి 140 గ్రెయిన్ల రాగి బుల్లెట్‌ను 125 గ్రెయిన్ల పలుచని హాలో పాయింట్‌తో ఒకే గాటన కట్టకూడదు. ఇంట్లో చిన్నపిల్లలు ఆ మాంసం తింటారంటే సీసపు తునకల భయం లేకుండా ఉండటానికి ఇది మంచి మార్గం. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం లేనివే వాడాలి, ఒహాయోలో అలాంటి నిబంధన లేదు. పూర్తిగా రాగి తొడుగు కప్పిన గుండ్రటి ముక్కు టార్గెట్ బుల్లెట్ల గురించి ఒక్క మాట చాలు: వాటిని వేటకు తీసుకువెళ్లకండి. కొన్ని రాష్ట్రాలలో వాటిని చట్టమే నిషేధించింది.

మీ .357కు ఏది? 158 గ్రెయిన్ల సాఫ్ట్ పాయింట్ లేదా ఎక్స్‌టీపీ లాంటి వేట హాలో పాయింట్‌తో మొదలుపెట్టండి. మీ రివాల్వర్ గురి బాగుంటే 180 గ్రెయిన్లు ఇంకా మంచిది. మన బంగారం కొట్టు పది గ్రాముల తులం లెక్కలో చెప్పాలంటే 158 గ్రెయిన్లు దాదాపు ఒక తులం, .44లో వాడే 240 గ్రెయిన్లు దాదాపు తులమున్నర. ఆ అర తులం తేడాను మీరు దూరం తగ్గించి పూడ్చుకోవాలి. పైన చెప్పిన 158 గ్రెయిన్ల తూటా వేగం బ్యారెల్ మూతి దగ్గర 1,235 అడుగులు, 50 గజాల దగ్గర 1,104, 100 గజాల దగ్గర 1,015 ఉంటుంది. వంద గజాల దగ్గర విచ్చుకోవడానికీ దిగడానికీ రెండింటికీ దాని దగ్గర మిగిలింది తక్కువ. అందుకే .357తో 50 గజాలు దాటకూడదని, మొదటి ఏడాది 40 దగ్గర గీత గీసుకోవాలని నా అభిప్రాయం. మీరు వెళ్లే ఆ లోయల అడవులలో అంతకు మించిన దూరం కనబడటమే అరుదు కాబట్టి ఇది పెద్ద త్యాగం కాదు. దుప్పి పక్కకు తిరిగి నిలబడినప్పుడు, లేదా మీకు వెనకభాగం కొంచెం కనబడేలా అవతలికి ఏటవాలుగా ఉన్నప్పుడు మాత్రమే కాల్చండి. ఎదురుగా మీవైపు చూస్తున్నదాన్ని .357తో కాల్చడం వద్దు.

ఆరంగుళాల బ్యారెల్ కొన్నందుకు సంతోషించండి. ఒహాయోలో దుప్పి వేటకు చేతి తుపాకీ బ్యారెల్ కనీసం 5 అంగుళాలు ఉండాలి, తూటా కేసు సీసా మెడలా సన్నబడకుండా నిటారుగా ఉండాలి, వ్యాసం .357 లేదా అంతకు ఎక్కువ ఉండాలి. ఇదే జీపీ100 పొట్టి బ్యారెల్‌తో కొని ఉంటే మీరు అడవికి తీసుకువెళ్లలేకపోయేవారు. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి వన్యప్రాణి విభాగం ఏటా విడుదల చేసే పుస్తకాన్ని చదివి కానీ బయలుదేరకండి. మీరు వీసా మీద ఉన్నారో, గ్రీన్ కార్డు మీద ఉన్నారో రాయలేదు. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉండటం దానికి ఉన్న మినహాయింపులలో ఒకటి. లైసెన్సు గడువు తీరిన రోజే ఆ వెసులుబాటూ తీరిపోతుంది, ఆ తరువాత బీరువాలో ఉన్న రివాల్వరే మీ ఇమ్మిగ్రేషన్‌కు ముప్పు అవుతుంది. మన కుర్రాళ్లు చాలామంది దీన్ని తేలికగా తీసుకుంటారు. ఈ ఒక్క విషయం మాత్రం నా మాట మీద కాకుండా లాయరు మాట మీద నడవండి.

.44 కొనాలా అన్నదానికి వస్తే, ఇప్పుడు వద్దు, రెండు సీజన్ల తరువాత కావాలనిపిస్తే తప్పకుండా కొనండి. 1955లో వచ్చిన .44 మాగ్నమ్ నా దృష్టిలో దుప్పి వేటకు కొలత తీసి కుట్టినట్లు ఉంటుంది. 240 గ్రెయిన్ల బుల్లెట్‌తో మామూలు ఫ్యాక్టరీ తూటా మూతి దగ్గర సెకనుకు 1,180 అడుగులు, 50 గజాల దగ్గర 1,081, 100 గజాల దగ్గర 1,010 అడుగుల వేగంతో వెళుతుంది. వంద గజాల దగ్గర దాని శక్తి 543 ఫుట్-పౌండ్లు, అంటే మీ .357కు మూతి దగ్గర ఉన్నదానికంటే కాస్త ఎక్కువే. ఇప్పుడే శక్తి లెక్కను తిట్టి మళ్లీ దాన్నే వాడుతున్నానని నవ్వకండి. ఒకే తరహా బుల్లెట్ల మధ్య పోలికకు ఆ అంకె పనికివస్తుంది, ఒక తరహాను వేరొక తరహాతో పోల్చేటప్పుడే అబద్ధం చెబుతుంది. అయితే 50 గజాలకు గురి సరిచేసిన .44 కూడా 100 గజాల దగ్గర ఆరేడు అంగుళాలు కిందికి వాలుతుంది. టిఫిను పళ్లెమంత ఉండే ప్రాణస్థానం మీద ఆరేడంగుళాలంటే తప్పిపోవడమే, లేదా అంతకన్నా అన్యాయంగా కాలు విరగ్గొట్టడం. .44లో 300 గ్రెయిన్ల బుల్లెట్లు పెద్ద జంతువుల కోసం. దుప్పికి 240 చాలు, పైగా తన్ను (పేలినప్పుడు రివాల్వర్ చేతిని వెనక్కి నెట్టే దెబ్బ) తక్కువ.

.460 గురించి ఎక్కువ రాయను. 2005లో వచ్చిన ఆ తూటా నిజంగానే వంద గజాలకు మించి వేటాడగలదు, అదే రివాల్వర్‌లో .454 కాసుల్, .45 కోల్ట్ కూడా కాల్చవచ్చు. కానీ రెండు కిలోల బరువు, చెవులు చిల్లులు పడే శబ్దం, కొత్తవాడి చేతికి నేర్పే మొదటి పాఠం భయం. ఆ పాఠం ఒకసారి నేర్చుకుంటే మరచిపోవడానికి ఏళ్లు పడుతుంది.

ఆ భయం మీలో ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక సులభమైన పరీక్ష ఉంది. రేంజిలో ఒక స్నేహితుడిని మీకు కనబడకుండా సిలిండర్ నింపమనండి, మూడు గదులలో తూటాలు, మూడింటిలో ఖాళీ కేసులు, ఏ వరుసలో పెట్టాడో మీకు తెలియకూడదు. గురి చూసి ట్రిగ్గరు నొక్కండి. ఖాళీ కేసు మీద సుత్తి టక్కున పడినప్పుడు బ్యారెల్ మూతి అంగుళం కిందికి ముంచితే, మీరు తుపాకీ పేలకముందే పేలుడుకు ఉలిక్కిపడుతున్నారన్నమాట. నాకు తెలిసిన ఒక పెద్దాయన ముప్పై ఏళ్లుగా కాలుస్తున్నాడు, ఈ పరీక్షలో ఆయన మూతి నేల చూసింది. ఆయన తన్ను తక్కువగా ఉండే మెత్తటి తూటాలకు మారాడు, ఆ ఏడాదే దుప్పిని తెచ్చాడు. అందువల్ల నా సలహాలో తూటా ఎంపికకు చివరి పరీక్ష ఇదే: ఆరు అంగుళాల పేపరు పళ్లెం మీద, బెంచీ మీద ఆనించి కాదు, అడవిలో మీరు కూర్చునే భంగిమలోనే ఆరు తూటాలూ పడే దూరం ఎంతో, అదే మీ దూరం. ఇరవై ఐదు గజాల దగ్గర ఆరూ పడి, యాభై దగ్గర నాలుగే పడితే మీ హద్దు యాభై కాదు. ఆ పళ్లెం మీద 158 గ్రెయిన్లు బాగా పడి 180 చెదిరితే, 180 ఎంత మంచిదని నేను పైన రాసినా సరే, 158నే తీసుకువెళ్లండి. చెవులకు మాత్రం రేంజిలోనూ అడవిలోనూ రక్షణ ఉండాలి. మాగ్నమ్ రివాల్వర్ శబ్దం 160 డెసిబెల్స్‌కు పైనే ఉంటుంది, ఒక్క దెబ్బ చాలు వినికిడిని శాశ్వతంగా పోగొట్టడానికి. ఆకుల గలగల వినిపించనిచ్చి పేలుడును మాత్రం ఆపే ఎలక్ట్రానిక్ ఇయర్‌మఫ్స్ దొరుకుతున్నాయి.

మీరు తూటాలు ఇంట్లో స్వయంగా నింపుకోవాలనే ఆలోచన కూడా రాశారు. ఎంత మందు వేయాలో నేను ఇక్కడ రాయను, నా రివాల్వర్‌లో నడిచేది మీ రివాల్వర్‌లో నడవాలని లేదు. బుల్లెట్ తయారీదారు ముద్రించిన మాన్యువల్ చూసి, అందులోని తక్కువ మోతాదు నుంచి మొదలుపెట్టాలి. రెండు హెచ్చరికలు మాత్రం చేస్తాను. మాగ్నమ్‌లలో వాడే హెచ్110, విన్‌చెస్టర్ 296 వంటి మందులను తన్ను తగ్గుతుందని ఇష్టం వచ్చినట్లు తగ్గించి వేయకూడదు. అవి సరిగా అంటుకోక బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కునే ప్రమాదం ఉంది. మెత్తటి తూటా కావాలంటే అందుకు తగిన వేరే మందును ఎంచుకోవాలి. రెండవది .45 కోల్ట్‌కు మారేవారి కోసం. ఆ తూటాకు అంగీకరించిన గరిష్ట పీడనం చదరపు అంగుళానికి 14,000 పౌండ్లు, .44 మాగ్నమ్‌కు 36,000. మాన్యువళ్లలో రూగర్ బ్లాక్‌హాక్ వంటి గట్టి రివాల్వర్ల కోసమే అని విడిగా ఇచ్చిన మోతాదులు ఉంటాయి. వాటిని తాతల నాటి .45లో వేస్తే సిలిండర్ పగిలి ముఖం మీదికి వస్తుంది.

కొన్న తూటాలైనా, నింపుకున్నవైనా ఇంకొక పరీక్ష తప్పనిసరి. బరువైన బుల్లెట్ తన్నుకు రివాల్వర్ వెనక్కి వచ్చినప్పుడు, ఇంకా పేలని తూటాలలోని బుల్లెట్లు జడత్వం వల్ల కేసులలోంచి ముందుకు జారతాయి. ఒకటి సిలిండర్ ముందుకు పొడుచుకు వచ్చిందంటే సిలిండర్ తిరగదు, రెండో దెబ్బకు అవకాశం ఉండదు. ఆరు తూటాలు నింపి, ఆరవదాని పొడవును ముందుగా కాలిపర్‌తో కొలిచి రాసుకోండి. ఐదు కాల్చి, ఆరవదాన్ని బయటికి తీసి మళ్లీ కొలవండి. పొడవు పెరిగితే కేసు మూతిని బుల్లెట్ గాడిలోకి మడిచిన నొక్కు చాలలేదని అర్థం. నింపుకున్నవైతే ఆ నొక్కు పెంచండి, కొన్నవైతే వేరే రకం చూడండి.

పెట్టె మీది వేగం మీ బ్యారెల్ నుంచి రావాలని లేదు. ఆ అంకెలు చాలావరకు ప్రయోగశాల బ్యారెల్ నుంచి తీసినవి, అసలు రివాల్వర్‌లో సిలిండర్‌కూ బ్యారెల్‌కూ మధ్య ఉన్న సందు నుంచి కొంత వాయువు పోతుంది, ఒకే రకం రెండు రివాల్వర్ల మధ్య కూడా తేడా ఉంటుంది. మీ రేంజిలో ఎవరి దగ్గరైనా క్రోనోగ్రాఫ్ (బుల్లెట్ వేగం కొలిచే పరికరం) ఉంటే పది తూటాలు దాని మీదుగా కాల్చి సగటు రాసుకోండి. ఆ సగటు నుంచి 50 గజాలకు పోయే వేగాన్ని తీసేసి చూసినప్పుడు మిగిలినది మీ బుల్లెట్ సరిగా పనిచేసే వేగాల పరిధిలో ఉంటే ఇక నిశ్చింతే. ఎంపిక అయిన తరువాత ఒకే లాట్ నంబరున్న (ఒకే విడతలో తయారైన) పెట్టెలు నాలుగు కొనండి. మూడు పెట్టెలతో సెప్టెంబరు నుంచి సాధన చేయండి, నవంబరు చివర్లో చేతి తొడుగులూ బరువైన కోటూ వేసుకుని కూడా ఒకసారి కాల్చి చూడండి, వేసవి చొక్కాలో కుదిరిన పట్టు ఆ కోటులో కుదరదు. నాలుగో పెట్టెను అడవి కోసం విడిగా ఉంచండి, అందులోంచి ఆరు తీసి సోమవారానికి ముందు శనివారం గురి సరిచూసుకోండి.